ఎడమ చక్రం ఎందుకు వేడెక్కింది: ముందు బ్రేకుల శుభ్రత, గ్రీజు పని డైరీ

కారు 2014 మోడల్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉన్నాయి. పదేళ్లుగా అది విశాఖపట్నంలో, సముద్రానికి కిలోమీటరు లోపు దూరంలో, పైకప్పు మాత్రమే ఉన్న షెడ్డులో నిలుస్తోంది. ఉప్పుగాలి తగిలే చోట బ్రేకు పిన్నులూ క్లిప్పులూ ఎంత త్వరగా పట్టేస్తాయో నాకు ఈ పనిలోనే తెలిసింది. ఒక వారాంతంలో అయిపోతుందనుకున్న పనికి నాలుగు వారాంతాలు పట్టింది. కారణం మొదటి రెండు ప్రయత్నాల్లో నేను చేసిన పొరపాట్లే కనుక వాటినే వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక. ఇక్కడ రాసిన బిగింపు సంఖ్యలు, మందాలు నా కారు మాన్యువల్ నుంచి, నా కొలతల నుంచి తీసుకున్నవి. మీ కారుకు మీ మాన్యువల్ చూసుకోవాలి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు పక్కన చేతులు పెట్టకూడదు, దాని కిందికి అసలే దూరకూడదు.

దశ 1: విప్పకముందు కొలతలు (7 డిసెంబర్ 2024, ఓడోమీటర్ 78,412)

లక్షణాలు రెండు కనిపించాయి. బ్రేకు వేసినప్పుడు స్టీరింగు కొద్దిగా ఎడమకు లాగేది. ప్రయాణం ముగిశాక ఎడమ ముందు చక్రం దగ్గర కాలిన వాసన వచ్చేది. ఈ రెంటికీ కారణాలు చాలా ఉండవచ్చు కాబట్టి ఊహతో విప్పడం మొదలుపెట్టకుండా ముందు అంకెలు రాసుకున్నాను.

12 కిలోమీటర్లు, వీలైనంత తక్కువగా బ్రేకు తొక్కుతూ నడిపి, ఆపిన వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రెండు డిస్కుల ఉష్ణోగ్రత చూశాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ప్యాడ్లు (డిస్కును రెండు వైపులా నొక్కి ఆపే పలకలు) రుద్దుకునే మెరుపు భాగం మీద ఈ పరికరం అసలు కంటే తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మెరిసే లోహం తన వేడిని తక్కువగా వెదజల్లుతుంది. అందుకని డిస్కు మధ్యలోని టోపీ లాంటి భాగం మీద, రెండు వైపులా ఒకే చోట, వేడిని తట్టుకునే నల్ల రంగుతో రూపాయి బిళ్లంత చుక్క పెట్టి, దాని మీదే కొలిచాను. ఎడమ 121 డిగ్రీల సెల్సియస్, కుడి 68 డిగ్రీలు. ఈ పనిలో మనకు కావలసింది అసలు వేడి ఎంతని కాదు, రెండు వైపుల మధ్య తేడా ఎంతని. మున్ముందు పరీక్షలన్నీ ఇదే దారిలో, ఇంచుమించు ఇదే సమయానికి చేశాను.

కారు చల్లారాక చక్రాలు తీసి, ప్యాడ్ల వెనుక ఇనుప పలక మందం వదిలేసి, అరిగే పదార్థం మందం మాత్రమే కొలిచాను. ఎడమ లోపలి ప్యాడు 3.2 మి.మీ., బయటి ప్యాడు 7.6 మి.మీ.; కుడి లోపలిది 6.3, బయటిది 6.8.

డిస్కు మందం కొలవడంలో మొదట తప్పు చేశాను. అరిగిన డిస్కు అంచున ఒక గట్టు మిగిలి ఉంటుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద కూర్చుని 17 మి.మీ. చూపించాయి, అంటే డిస్కు అరగనే లేదన్నట్టు. రెండు నాణేల మందం విడిగా కొలిచి రాసుకుని, వాటిని డిస్కుకు చెరో వైపు ఆనించి కొలిచి, నాణేల మందం తీసివేస్తే అసలు సంఖ్య 16.6 అని తేలింది. డిస్కు మీద ముద్రించిన కనీస మందం 15 కాబట్టి డిస్కులు మార్చనక్కర లేదు.

ఈ కొలతలతోనే అనుమానం ఒక చోటికి చేరింది. ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే పట్టకారు లాంటి భాగం కాలిపరు. ఈ రకం కాలిపరులో పిస్టన్ (బ్రేకు ఆయిల్ ఒత్తిడికి ముందుకు కదిలే లోహపు ముక్క) లోపలి వైపు మాత్రమే ఉంటుంది. అది లోపలి ప్యాడును డిస్కు మీదికి నొక్కితే, ఆ ఒత్తిడికి ఎదురుగా కాలిపరు మొత్తం రెండు పిన్నుల మీద లోపలికి జరిగి, బయటి ప్యాడును లాగి అవతలి వైపు ఆనిస్తుంది. పిన్నులు పట్టేస్తే కాలిపరు జరగదు, భారమంతా లోపలి ప్యాడు మీదే పడుతుంది. ఎడమ వైపు అదే కనిపిస్తోంది.

ఖర్చు: జాకీ స్టాండ్ల జత రూ. 1,750, థర్మామీటరు రూ. 1,100. మొత్తం రూ. 2,850.
సమయం: 1 గంట 10 నిమిషాలు.

దశ 2: ఎడమ కాలిపరు విప్పడం (8 డిసెంబర్)

1. చదునైన గచ్చు మీద కారు నిలిపి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేశాను.
2. చక్రం నేల మీద ఉండగానే నట్లు పావు తిప్పు వదులు చేసి, తరువాత జాకీతో ఎత్తి, స్టాండు మీద దించాను. దించాక కారును రెండు చేతులతో గట్టిగా ఊపి, కదలడం లేదని నిర్ధారించుకున్నాను.
3. బ్రేకు ఆయిల్ డబ్బా మూత వదులు చేసి, సిరంజితో సుమారు 40 మిల్లీలీటర్లు తీశాను. పిస్టన్ను వెనక్కి నొక్కినప్పుడు ఆయిల్ పైకి తన్ని పొంగకుండా ఇది అవసరం. ఆ ఆయిల్ కారు రంగును తినేస్తుంది కాబట్టి చుట్టూ తడిగుడ్డ కప్పి ఉంచాను.
4. బ్రేకు దుమ్మును ఊదలేదు, పొడి బ్రష్‌తో దులపలేదు. బ్రేక్ క్లీనరుతో తడిపి, కింద పెట్టిన ట్రేలోకి కారనిచ్చాను. పాత లైనింగుల్లో (ప్యాడ్ల మీది అరిగే పదార్థంలో) ఏముందో చూసి చెప్పలేం, ఆస్‌బెస్టాస్ ఉన్నవీ ఉంటాయి. మాస్కు, చేతి తొడుగులు పని ముగిసేదాకా తీయలేదు.
5. కాలిపరు బోల్టులు రెండూ తీసి, కాలిపరును బ్రేకు గొట్టం మీద వేలాడదీయకుండా, సస్పెన్షన్ స్ప్రింగుకు ఇనుప తీగతో కట్టాను.

పై పిన్ను చేత్తో లాగితే వచ్చింది. కింది పిన్ను కదలలేదు. నా కారులో కింది పిన్ను చివర ఒక రబ్బరు బుష్ ఉంటుంది, కాలిపరు కంపించకుండా అది ఆపుతుంది. స్పానరుతో పిన్నును పావు తిప్పు కుడికీ, పావు తిప్పు ఎడమకూ ఆడిస్తూ, అంచు దగ్గర తుప్పు వదిలించే నూనె వేస్తూ పోతే 40 నిమిషాలకు బయటికి వచ్చింది. బుష్, పిన్నును కప్పే రబ్బరు తొడుగు (బూటు) రెండూ ఎలాగూ మార్చాలనే నిర్ణయించుకున్నాను కాబట్టి ఆ నూనె వాడాను. వాటిని తిరిగి వాడే ఉద్దేశం ఉన్నవారు నూనె జోలికి వెళ్లకూడదు.

కారణం చేతిలోకి వచ్చాక అర్థమైంది. రెండేళ్ల క్రితం ఈ పిన్నులకు నేనే ఇంట్లో ఉన్న మామూలు వీల్ బేరింగ్ గ్రీజు రాశాను. అది ఖనిజ నూనెతో చేసిన గ్రీజు. బ్రేకు ఆయిలును తట్టుకునేలా చేసే ఈపీడీఎం రకం రబ్బరుకు ఖనిజ నూనె పడదు, దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. పాత బుష్ కొలిస్తే 10.4 మి.మీ. వచ్చింది. తరువాత కొన్న కొత్త బుష్ 9.7 మి.మీ. ఉంది. ఆ 0.7 మి.మీ. ఉబ్బే పిన్నును రంధ్రంలో బిరడాలా బిగించేసింది. కుడి వైపూ అదే గ్రీజు రాశాను, అక్కడ బుష్ 10.1 మి.మీ. దాకా ఉబ్బి ఇంకా కదులుతోంది, అంతే తేడా. జారే ప్రతి చోటా ఏదో ఒక గ్రీజు ఉంటే చాలన్న నా పాత అభిప్రాయం తప్పని ఈ రెండు అంకెలు తేల్చాయి.

పిన్ను రంధ్రాన్ని సన్నని కర్రకు నూలు గుడ్డ చుట్టి, బ్రేక్ క్లీనరుతో తడిపి, గుడ్డకు నలుపు అంటడం ఆగేవరకు తుడిచాను. ఆరు గుడ్డ ముక్కలు పట్టాయి. లోపల ఎమరీ కాగితం వాడలేదు. రంధ్రం అర మిల్లీమీటరు పెద్దదైనా కాలిపరు ఊగుతూ చప్పుడు చేస్తుంది.

పిస్టన్ సంగతీ ఇప్పుడే చూసుకున్నాను. పాత ప్యాడును అడ్డం పెట్టి సి-క్లాంప్‌తో నెమ్మదిగా బిగిస్తే పిస్టన్ ఎక్కడా తట్టుకోకుండా లోపలికి వెళ్లింది, దాని చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు చిరగలేదు, తడి లేదు. పిస్టన్ పట్టేసి ఉంటే పని ఇక్కడే ఆపి షెడ్డుకు పంపేవాణ్ని. కాలిపరు లోపలి సీళ్లు మార్చడం, బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తీయడం ఈ డైరీ పరిధిలోవి కావు.

ఖర్చు: బ్రేక్ క్లీనరు రెండు డబ్బాలు రూ. 640, వైర్ బ్రష్, ఎమరీ కాగితం, తొడుగులు, మాస్కులు రూ. 310, సి-క్లాంప్ రూ. 340. ఇప్పటికి రూ. 4,140.
సమయం: 4 గంటల 20 నిమిషాలు. ఇప్పటికి 5 గంటల 30 నిమిషాలు.

విడిభాగాలు దొరికేదాకా వారం పాటు కారు స్టాండ్ల మీదే ఉంది.

దశ 3: మొదటి బిగింపు, రెండు పొరపాట్లు (14 డిసెంబర్)

రెండు వైపులకూ కొత్త పిన్నులు, బుష్‌లు, బూట్లు, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు తెచ్చాను. ప్యాడ్లు మాత్రం ఆ రోజు మార్చలేదు. లోపం పూర్తిగా పోయిందని తేలకముందే కొత్త ప్యాడ్లు వేసి పాడు చేసుకోకూడదని పాతవే ఉంచాను. నా మాన్యువల్ ప్రకారం 2 మి.మీ. వరకు వాడవచ్చు కాబట్టి ఒక్క పరీక్షకు 3.2 మి.మీ. సరిపోతుంది.

మొదటి పొరపాటు గ్రీజు ఎక్కువ రాయడం. పిన్ను నిండా గ్రీజు పూసి లోపలికి నెట్టితే, చేయి తీయగానే అది 4 మి.మీ. వెనక్కి వచ్చింది. రంధ్రం అడుగు మూసుకుని ఉంటుంది, అక్కడ చిక్కిన గాలీ గ్రీజూ పిన్నును వెనక్కి తోస్తున్నాయి. అలాగే బిగించి ఉంటే కాలిపరు ఎప్పుడూ ఒక వైపు ఒత్తిడితో ఉండేది. మళ్లీ తీసి, తుడిచి, ఈ వరుసలో చేశాను:

1. పిన్ను మీద లోహం రంగు కనిపించేంత పలుచగా, వేలితో ఒకే పూత.
2. బూటు లోపలి అంచుకు, పిన్ను మీద బూటు కూర్చునే గాడికి చిటికెడు గ్రీజు.
3. పిన్నును పూర్తిగా నెట్టి, బూటు పెదవిని ఒక పక్క గోటితో ఎత్తి గాలిని వదిలి, మళ్లీ గాడిలో కూర్చోబెట్టడం.
4. చేయి తీశాక పిన్ను ఉన్న చోటే ఉందా, వేలితో లాగితే మెత్తగా వస్తోందా అని చూడటం.

పై పిన్నునూ కింది పిన్నునూ తారుమారు చేయకూడదు. కొన్ని కార్లలో బుష్ పిన్ను పైన ఉంటుంది. విప్పేటప్పుడే ఫొటో తీసి పెట్టుకోవాలి. నేను తీసుకున్నాను కాబట్టి ఈ ఒక్క ఇబ్బంది తప్పింది.

కాలిపరు బోల్టులు 26 న్యూటన్ మీటర్లకు, చక్రం నట్లు 85 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచితో (బిగింపు బలం కొలిచే రెంచి) బిగించాను. ఇంజను స్టార్టు చేయకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాను, పిస్టన్ వెనక్కి వెళ్లి ఉంటుంది కనుక మొదటి నాలుగైదు తొక్కులకు బ్రేకు ఉండదు. తరువాత అదే 12 కిలోమీటర్లు నడిపి చూస్తే ఎడమ 97, కుడి 66. 121 నుంచి 97కు దిగింది గానీ తేడా ఇంకా 31 డిగ్రీలు ఉంది. చక్రం ఎత్తి చేత్తో తిప్పితే కుడిది ఒకటిన్నర చుట్లు తిరిగింది, ఎడమది అర చుట్టు దగ్గరే ఆగింది. పిన్నులు రెండూ స్వేచ్ఛగా ఉన్నాయి, పిస్టన్ బాగుంది, అయినా ప్యాడు డిస్కును వదలడం లేదు. నా రెండో పొరపాటు ఎక్కడుందో ఆ రోజు నాకు తోచలేదు.

ఖర్చు: పిన్నులు, బుష్‌లు, బూట్లు రూ. 760, సిలికాన్ గ్రీజు రూ. 390, టార్క్ రెంచి రూ. 2,450. ఇప్పటికి రూ. 7,740.
సమయం: 3 గంటలు. ఇప్పటికి 8 గంటల 30 నిమిషాలు.

దశ 4: క్లిప్పుల కింద తుప్పు (21, 22 డిసెంబర్)

మా వీధి చివర నలభై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్న పెద్దాయనకు అంకెలన్నీ చూపించాను. ఆయన కాగితం వెనక్కి ఇచ్చేసి, "పిన్నులు సరే బాబూ, ఆ రేకుల కింద చూసేవా? ప్యాడు చేత్తో దిగిందా, సుత్తితో దిగిందా?" అని అడిగారు. సుత్తితోనే దిగింది. రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేసి కూర్చోబెట్టాను, పైగా బిగువుగా కూర్చోవడం మంచిదే అనుకున్నాను. బ్రాకెట్ (కాలిపరునూ ప్యాడ్లనూ మోసే ఇనుప చట్రం) విప్పలేదు, ఆయన రేకులన్న క్లిప్పులు ఊడదీయలేదు, వాటి మీదనే వైర్ బ్రష్ తిప్పి వదిలేశాను. ఇదే రెండో పొరపాటు, ఈ పని మొత్తంలో పెద్దది కూడా.

ప్యాడు రెండు చివర్లా చెవుల్లా ఉండే భాగాలు బ్రాకెట్ గాడిలో కూర్చుని ముందుకూ వెనక్కూ జరగాలి. గాడికీ చెవికీ మధ్య పలుచని స్టీలు క్లిప్పు ఉంటుంది. క్లిప్పుకు తుప్పు పట్టదు కాబట్టి పై నుంచి చూస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. దాని వెనుక, పోత ఇనుము గాడిలో ఉప్పునీటి తేమ నిలిచి తుప్పు పొరలు పెరుగుతాయి. ఇనుము తుప్పుగా మారితే అది ఆక్రమించే చోటు రెట్టింపుకు మించుతుంది. ఆ తుప్పు క్లిప్పును పైకి లేపి, గాడిని ఇరుకు చేసి, ప్యాడు చెవిని పట్టేస్తుంది.

ఈసారి బ్రాకెట్ బోల్టులు రెండూ తీసి బ్రాకెట్‌ను బల్ల మీదికి తెచ్చాను. పొడుగు పిడి ఉన్న రెంచి లేకుండా ఈ బోల్టులు కదలవు. క్లిప్పులు ఊడదీస్తే వెనుక గోధుమరంగు పెచ్చులు లేచాయి. తుప్పు తీయకముందే కొలిచి రాసుకున్నాను, లేకపోతే కారణం ఎప్పటికీ ఊహగానే మిగిలేది:

ఎడమ గాడి వెడల్పు, తుప్పుతో: 12.9 మి.మీ.
కుడి గాడి వెడల్పు, తుప్పు లేని చోట: 13.5 మి.మీ.
క్లిప్పు మందం: 0.5 మి.మీ., రెండు పక్కలా కలిపి 1.0 మి.మీ.
ప్యాడు చెవి: 12.2 మి.మీ.

కుడి వైపు 13.5లో 1.0 తీసేస్తే 12.5, చెవికి 0.3 మి.మీ. సందు మిగులుతుంది. ఎడమ వైపు 12.9లో 1.0 తీసేస్తే 11.9. 12.2 మి.మీ. చెవిని 11.9 మి.మీ. చోట సుత్తితో దించాను. పిన్నులు ఎంత మెత్తగా జారినా ఆ ప్యాడు కదిలే అవకాశం లేదు.

తుప్పు తీసిన క్రమం:

1. పెద్ద పెచ్చులను పాత స్క్రూడ్రైవరు అంచుతో రాల్చాను.
2. వైర్ బ్రష్, తరువాత సన్నపళ్ల చదును ఆకురాయి. ఆకురాయిని తుప్పు రంగు పోయి లోహం కనిపించగానే ఆపాను.
3. ప్రతి పది రాపిళ్లకు ఒకసారి వెర్నియర్ పెట్టి చూశాను. 13.4 దగ్గర ఒక గాడిని, 13.5 దగ్గర మిగతా మూడింటిని వదిలేశాను.
4. బ్రేక్ క్లీనరుతో కడిగి, ఎండలో అరగంట ఆరబెట్టాను.

గాడికి రంగు వేయాలా అని చాలాసేపు ఆలోచించి, వేయకూడదని నిర్ణయించుకున్నాను. రంగు రెండు పూతలు వేస్తే సందులో 0.1 మి.మీ. పైగా పోతుంది, పైగా పెచ్చులూడితే ఆ పెచ్చే మళ్లీ క్లిప్పును లేపుతుంది. బదులుగా క్లిప్పు వెనుక భాగానికి, అంటే గాడికి ఆనే వైపు, సిలికాన్ గ్రీజు పలుచగా రాశాను. అది తేమను ఆపడానికి. క్లిప్పు పై వైపు, ప్యాడు చెవి జారే చోట, గుడ్డతో రాసి అదే గుడ్డతో తుడిచేసినంత మాత్రమే ఉంచాను. బీచ్ రోడ్డు గాలిలో ఇసుక ఎప్పుడూ ఉంటుంది, అక్కడ తడి గ్రీజు ఉంటే ఇసుక అంటుకుని ఎమరీ కాగితంలా పనిచేస్తుంది. వాన ఎక్కువ, ఇసుక తక్కువ ఉన్న ఊళ్లవారు ఇంకొంచెం రాయవచ్చు.

ప్యాడు వీపున పిస్టన్ ఆనే చోట, కాలిపరు వేళ్లు (బయటి ప్యాడును నొక్కే కొక్కేల్లాంటి భాగాలు) ఆనే చోట కూడా పలుచని పూత వేశాను. ప్యాడు ముఖానికి గానీ డిస్కుకు గానీ గ్రీజు వేలిముద్ర అయినా తగలకూడదు. తగిలితే ప్యాడు ఆ గ్రీజును పీల్చుకుంటుంది, తుడిచినా పూర్తిగా పోదు. అందుకే గ్రీజు పని పూర్తయ్యాక చేతి తొడుగులు మార్చి, అప్పుడే కొత్త ప్యాడ్లను ప్యాకెట్ నుంచి తీశాను. ప్యాడ్లు రెండు చక్రాలకూ ఒకేసారి మార్చాను. ఒక వైపే కొత్తవి వేస్తే కారు మళ్లీ ఒక పక్కకు లాగుతుంది.

ఈసారి ప్యాడ్లు నాలుగూ చేత్తోనే దిగాయి. ఫీలర్ గేజ్‌లో (సందులు కొలిచే పలుచని ఆకుల పనిముట్టు) 0.2 మి.మీ. ఆకు ప్రతి చెవి పక్కనా దూరింది. బ్రాకెట్ బోల్టులు 85 న్యూటన్ మీటర్లకు బిగించాను. కుడి వైపు బ్రాకెట్ కూడా విప్పి ఇదే పని చేశాను, తుప్పు అక్కడ కింది గాడిలో మాత్రం మొదలవుతోంది.

ఖర్చు: క్లిప్పుల సెట్టు రూ. 580, ప్యాడ్లు రూ. 1,620, బ్రేక్ క్లీనరు ఇంకొకటి రూ. 320, ఫీలర్ గేజ్ రూ. 190. ఇప్పటికి రూ. 10,450.
సమయం: 3 గంటల 40 నిమిషాలు. ఇప్పటికి 12 గంటల 10 నిమిషాలు.

దశ 5: వెనుక డ్రమ్ములు, ఆయిల్, రోడ్డు పరీక్ష (28, 29 డిసెంబర్)

వెనుక డ్రమ్ముల్లో పెద్దగా చేయవలసింది కనిపించలేదు. దుమ్మును తడిపి తీసి, షూలు (డ్రమ్ము లోపలి గోడను నొక్కి ఆపే వంపు పలకలు) వెనుక పలక మీద ఆని రాసుకునే ఎత్తు చోట్ల మాత్రం వేడిని తట్టుకునే గ్రీజు అగ్గిపుల్ల తలంత పెట్టాను. ఒక వైపు పూర్తిగా బిగించాకే రెండో వైపు విప్పాను, స్ప్రింగుల అమరిక మరిచిపోతే చూసుకోవడానికి ఒకటైనా ఉండాలి.

సిరంజితో తీసిన పాత ఆయిల్ తిరిగి పోయలేదు. నా కారు బ్రేకు ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 4 అని, అంటే వాడవలసిన ఆయిల్ రకం, రాసి ఉంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలి, తేమ పట్టినదానికి ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. సముద్రపు ఊళ్లో సగం వాడిన డబ్బాను ఏడాది దాచి మళ్లీ వాడటం నాకు ఇష్టం లేదు. సీలు తీయని అర లీటరు డబ్బా కొని, గరిష్ఠ గీత వరకు పోసి, మిగిలింది మళ్లీ బ్రేకులకు వాడకుండా పక్కన పెట్టేశాను.

తమ్ముణ్ని పెడల్ గట్టిగా తొక్కి పట్టుకొమ్మని, టార్చితో రెండు కాలిపర్ల చుట్టూ, గొట్టం మొదలు దగ్గర తడి ఉందేమో చూశాను. లేదు. వీధిలో పది కిలోమీటర్ల వేగంతో నాలుగుసార్లు ఆపి చూశాక, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి పదిసార్లు, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ తగ్గించాను. కొత్త ప్యాడ్లు డిస్కుకు సమంగా ఒరుసుకోవడానికి ఇది కావాలి.

అదే 12 కిలోమీటర్ల పరీక్షలో ఎడమ 71, కుడి 69. చక్రం చేత్తో తిప్పితే రెండూ ఒకటిన్నర చుట్లకు దగ్గరగా తిరిగాయి. మరునాడు సింహాచలం కొండ దిగుతూ, రెండో గేరులో, మలుపుల దగ్గర మాత్రం బ్రేకు వేస్తూ వచ్చి కింద ఆపి కొలిస్తే ఎడమ 138, కుడి 134. స్టీరింగు నిటారుగా నిలిచింది, వాసన రాలేదు.

ఖర్చు: బ్రేకు ఆయిల్ రూ. 240. ఇప్పటికి రూ. 10,690.
సమయం: 2 గంటల 30 నిమిషాలు. ఇప్పటికి 14 గంటల 40 నిమిషాలు.

దశ 6: మళ్లీ విప్పి చూడటం (22 ఫిబ్రవరి 2025, ఓడోమీటర్ 79,630)

బాగైందన్న నమ్మకం మీద వదిలేయకుండా, సుమారు 1,200 కిలోమీటర్లకు ముందు చక్రాలు రెండూ తీశాను. కొత్తవిగా 10.0 మి.మీ. ఉన్న ప్యాడ్లు ఎడమ లోపల 9.7, బయట 9.7, కుడి లోపల 9.7, బయట 9.8. పిన్నులు రెండు వేళ్లతో లాగితే వచ్చాయి. కొత్త బుష్‌లు రెండూ 9.7 మి.మీ. దగ్గరే ఉన్నాయి, సిలికాన్ గ్రీజుకు రబ్బరు ఉబ్బలేదు. ఎడమ క్లిప్పుల వెనుక తుప్పు లేదు.

కుడి పై పిన్ను బూటు మడతలో మాత్రం అర సెంటీమీటరు చీలిక కనిపించింది. బూటును పిన్ను మీద కూర్చోబెట్టేటప్పుడు గోటికి బదులు స్క్రూడ్రైవరు వాడిన చోటు అదే. లోపలి గ్రీజులో అప్పటికే ఇసుక రేణువులు చేరాయి. పిన్ను తీసి, రంధ్రం కడిగి, కొత్త బూటు రూ. 120 పెట్టి మార్చాను. మొత్తం ఖర్చు రూ. 10,810 అయింది. అందులో మళ్లీ మళ్లీ పనికొచ్చే పనిముట్లకు రూ. 5,830, వాడితే అయిపోయే వాటికీ విడిభాగాలకూ రూ. 4,980.

వర్షాలు మొదలుకాకముందు, జూన్ తొలివారంలో క్లిప్పులు మళ్లీ ఊడదీసి గాడుల వెడల్పు కొలుస్తాను. 13.3 కంటే తగ్గితే గ్రీజు పూత ఒక్కటే చాలడం లేదని అర్థం, అప్పుడు గాడికి వేరే రక్షణ ఆలోచించాలి.